రాలిపోయిన ఆఖరి అంకె

నేనొక తప్పు చేశాను. ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్లూ దాన్ని మోశాను. మోయడమంటే ఏదో గుండె మీద బండరాయి పెట్టుకుని తిండీ నిద్రా మానేశానని కాదు. శుభ్రంగా తిన్నాను, నిద్రపోయాను, జీతం పెరిగితే సంతోషించాను. కానీ రోజూ పొద్దున్నే ఫోను తీయగానే ఒళ్లు మండుతుంది. ఎందుకంటే అందులో ఒక గులాబీ పువ్వు ఉంటుంది. కింద "శుభోదయం" అని రాసి ఉంటుంది.

ఒక్కోసారి గులాబీ బదులు చామంతి. ఒక్కోసారి కొండల మధ్య సూర్యుడు. పండగైతే దీపం. పంపేది గంగాధర్. ఖతార్‌లో నేను పనిచేసిన సైటులో అతను స్టోర్ కీపర్. నేను రెండు చేతులు జోడించిన బొమ్మ తిరిగి పంపుతాను. మా ఇద్దరి మధ్య ఇన్నాళ్లుగా నడుస్తున్న సంభాషణ ఇంతే. ఏ రోజుకారోజు అనుకుంటాను, ఈ మనిషి నన్నెందుకు వదలడు? మళ్లీ వెంటనే అనుకుంటాను, వదలాల్సింది అతనా?

నా పేరు మీకెందుకు. గంగాధర్ అన్నది కూడా అతని అసలు పేరు కాదు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెబుతాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే ఆ చోట నన్ను నమ్మకండి. అలవాటైపోయిన పని అది.

దోహాలో ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు లేస్తున్న రోజులవి. ఎటు చూసినా క్రేన్లు, ఎటు వెళ్లినా పద పదమంటూ "యల్లా, యల్లా". మాది పెద్ద కంపెనీ చేతి కింద కంపెనీ, దాని చేతి కింద ఇంకో చిన్న కంపెనీ. స్టేడియం పక్కన వరసగా పెట్టిన రేకుల క్యాబిన్లలో ఆఫీసులు. వాటన్నిటికీ, లోపల కట్టే గదులకీ నెట్‌వర్క్ వేసి నడిపించడం మా పని. నేను నెట్‌వర్క్ ఇంజనీరుని. కోనసీమ నుంచి హైదరాబాదు, అక్కణ్ణుంచి దోహా. ఉండేది దోహాలోనే నజ్మా అనే పేటలో, కింద టీ హోటలు ఉన్న ఒక పాత బిల్డింగులో.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. నెట్‌వర్క్ పెట్టెల లోపల వాటి సెట్టింగులన్నీ మామూలు అక్షరాల్లో రాసి ఉంటాయి. వేల వరుసలు. చదివితే నిద్రొస్తుంది, చదవకపోతే ఉద్యోగం పోతుంది. వాటి మధ్యలో అడ్రసులుంటాయి. ఇంటికి డోరు నంబరున్నట్టు మా దగ్గర గోడకున్న ప్రతి నెట్ సాకెట్టుకీ ఒక అడ్రసు. అంకెల గుంపులు నాలుగు, మధ్యలో చుక్కలు. మా సైటువన్నీ 10.40.7 అని మొదలయ్యేవి, ఆఖరి గుంపు మాత్రం గదిని బట్టి మారేది. ఆ వేల వరుసల్లోంచి అడ్రసుల్ని మాత్రమే ఏరాలంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని ఒక పద్ధతి ఉంది. మేం రెజెక్స్ అంటాం. కావలసినది ఎలా ఉంటుందో ఒక నమూనా రాసిస్తాం: ఫలానా అంకెలు, చుక్క, తర్వాత ఇన్ని అంకెలు. కంప్యూటరు ఆ నమూనాకి సరిపడినవన్నీ ఏరి చేతిలో పెడుతుంది. బియ్యంలో రాళ్లు ఏరడం లాంటి పని, రెప్పపాటులో అయిపోతుంది.

మా క్యాబిన్‌లో అది నాకొక్కడికే వచ్చు. ఆ గర్వం నాకెంత ఉండేదో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. మిగతావాళ్లు ఫైలు తెరిచి వేలు పెట్టి ఒక్కో వరుసా వెతుకుతుంటే నేను కుర్చీలో వెనక్కి వాలి, చాయ్ తాగుతూ, ఒక్క వరుస కొట్టి జాబితా తీసేవాణ్ణి. అందరూ నా స్క్రిప్టే వాడేవారు. "స్క్రిప్టులో వచ్చిందా?" అంటే "వచ్చింది" అనేవాణ్ణి. అంతటితో చర్చ ఖలాస్. మేనేజరు కూడా అంతకు మించి అడిగేవాడు కాదు.

ఆ నమూనా రాసినప్పుడు మా సైటులో మొత్తం వంద సాకెట్లు కూడా లేవు. ఆఖరి గుంపులో రెండంకెలు చాలనుకున్నాను. ఒకటి లేదా రెండంకెలు తీసుకో అని రాశాను. మూడు అని రాయడానికి ఏం రోగం? ఏమీ లేదు. రెండు పక్క మీటే మూడు. తర్వాత మారుద్దాంలే అనుకున్నాను. తర్వాత క్యాబిన్లు పెరిగాయి, సాకెట్లు వంద దాటాయి, నేను మర్చిపోయాను.

ఈ రెజెక్స్‌తో నాకున్న చిరాకేమిటంటే, అది తప్పు చేసినప్పుడు అరవదు. నాకు దొరకలేదు అని ఒక్క ముక్క చెప్పినా బాగుండును. చెప్పదు. దానికి 112 కనిపిస్తే మొదటి రెండంకెలు తీసుకుని, ఆఖరి అంకె వదిలేసి, 11 అని నిక్కచ్చిగా చేతిలో పెడుతుంది. ఆ 11 కూడా నిజంగా ఉన్న అడ్రసే. ఇంకో గది. ఇంకో మనిషి. వంద దాటిన నంబర్లన్నీ అలా తెగి పాత నంబర్లలో కలిసిపోయేవి. రెండోసారి వచ్చినవాటిని తీసెయ్ అని నేనే ఇంకో ముక్క రాసి పెట్టాను కాబట్టి చడీచప్పుడు లేకుండా మాయమయ్యేవి. ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

11 అంటే స్టోరు.

స్టోరు మా క్యాబిన్‌కి ఎదురుగా ఉండే పెద్ద కంటెయినరు. కేబుళ్లు, సాకెట్లు, వైఫై పెట్టెలు, నట్లూ బోల్టులూ అన్నీ అందులోనే. గంగాధర్ అక్కడ కూర్చునేవాడు. కోరుట్ల వైపు మనిషి. మొదట ఎండలో మట్టిపనికి వచ్చాడట. నడుం పట్టేశాక, ఎవరినో బతిమాలుకుని స్టోర్లోకి మారాడు. సామాను పేర్లు ఇంగ్లీషులో చదవడం అక్కడే నేర్చుకున్నాడు. ఏది అడిగినా "ఉంది సార్, ఇస్త" అనేవాడు తప్ప లేదనేవాడు కాదు. లేకపోతే తెప్పించేవాడు.

మా క్యాబిన్‌లో నాతోపాటు సలీం భాయ్ ఉండేవాడు. హైదరాబాదు పాతబస్తీ మనిషి, కేబుళ్ల పనిలో నిపుణుడు. ఇంటికి వీడియో కాల్ సరిగా కలవని రోజులవి. సలీం భాయ్ నజ్మాలో ఒక దుకాణం నుంచి చిన్న వైఫై పెట్టె కొనుక్కొచ్చాడు. దాన్ని ఆఫీసు సాకెట్టుకి తగిలిస్తే కాల్ అద్దంలా కనిపించేది. అది నిషేధం. అలాంటివి పెట్టకూడదని గోడ మీద కాగితం అంటించింది కూడా మేమే. అయినా నా బల్ల కింద సాకెట్టుకి నా చేతులతో నేనే తగిలించాను. నా భార్యకి అప్పుడే వీసా వచ్చింది, వచ్చే నెల వస్తుంది. ఈలోగా రోజూ చూడకుండా ఉండలేననుకున్నాను.

ఆ సాకెట్టు నంబరు 112.

టీ వేళకి గంగాధర్ కూడా మా క్యాబిన్‌కి వచ్చేవాడు. మొహమాటంగా తలుపు దగ్గర నిలబడితే నేనే లోపలికి పిలిచి కూర్చోబెట్టేవాణ్ణి. మా పెట్టె మీద అతను కూతురితో మాట్లాడేవాడు. ఐదో తరగతో ఆరో తరగతో చదివే పిల్ల. "బాపూ, గ్రౌండు చూపియ్యి" అనేది. అతను ఫోను కిటికీకి ఆనించి స్టేడియం పైకప్పు చూపించేవాడు. "గది గాదు, గడ్డి చూపియ్యి" అనేది ఆ పిల్ల. గడ్డి లోపల ఉంటుంది. లోపలికి వెళ్లే పాసు స్టోరు వాళ్లకి ఉండదు. "మ్యాచులు షురువైతయి గద బిడ్డా, గప్పటిలోపల సూపిస్త" అనేవాడు. ఆ మాటలు వింటూ నేను నవ్వుకునేవాణ్ణి. నేనేదో పెద్ద ఉపకారం చేస్తున్నట్టు నాలో నేను మురిసిపోయేవాణ్ణి కూడా.

ఇంతలో ఒక పొద్దున మా పెట్టె పనిచేయలేదు.

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు దీన్ని నా కథలోంచి తీసేశానో. పెట్టె పనిచేయలేదు, సలీం భాయ్ దాన్ని రెండుసార్లు ఆపి పెట్టాడు, అయినా పనిచేయలేదు. "గిది ఎప్పుడూ గింతే" అని విసుక్కుని బయటికి వెళ్లాడు. కాసేపటికి పైన పెద్ద కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. మీ సైటులో ఎవరో అనుమతి లేని వైఫై పెట్టె తగిలించారు, ఆ అడ్రసుని ఆపేశాం, అది ఏ గదో కనిపెట్టి మధ్యాహ్నం లోపు రాసి పంపండి అని.

అడ్రసు ఇదీ అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు కదా? చెప్పరు. అన్ని సైట్లలోనూ ఆపేసిన అడ్రసులూ, ఆపనివీ, వాటి రూల్సూ అన్నీ కలిపి ఇంత లావు ఫైలు పంపి, మీది మీరే వెతుక్కోండి అంటారు. పెద్ద పెద్ద టవర్లలో, వెస్ట్ బేలో, చల్లటి గదుల్లో కూర్చునేవాళ్లకి ఒక మీట నొక్కి ఫైలు తోసెయ్యడం సులువు. ఇక్కడ మేనేజరు నా కుర్చీ వెనక నిలబడి "యల్లా, యల్లా, రిపోర్ట్" అంటున్నాడు. అతని పీకల మీదికొచ్చింది, అతను నా పీక పట్టుకున్నాడు.

మా పెట్టే అయి ఉంటుందని తెలుసు. తెలుసా? అనుమానం. కాదు, తెలుసు. నా పాదానికి పక్కనే ఉంది అది. స్క్రిప్టు నడిపాను. మా సైటులో ఆపేసిన అడ్రసు ఒక్కటే వచ్చింది.

10.40.7.11.

ఆ క్షణంలో నాకు కలిగింది ఏమిటో మీకు చెప్పాలి. ఆశ్చర్యం కాదు. ఇదేంటి, మన పెట్టె కదా పనిచేయనిది అన్న ఆలోచన కాదు. హమ్మయ్య అనిపించింది. ఒంట్లోంచి గాలి పోయినట్టు కుర్చీలోకి జారిపోయాను. మామూలుగా నేను ప్రతి జాబితానీ మళ్లీ ఒకసారి సరిచూస్తాను. ఆ రోజు చూడలేదు. వచ్చిన జవాబు నాకు నచ్చింది కాబట్టి చూడలేదు. 112 వచ్చి ఉంటే పదిసార్లు చూసేవాణ్ణి, ఎక్కడైనా తప్పుందేమోనని ఒక్కో అక్షరం తడిమేవాణ్ణి. 11 వచ్చింది. పంపేశాను. "అడ్రసు 11, స్టోరు గది" అని.

స్టోరు అంటే గంగాధర్ అని ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకు గుర్తులేదా? ఉంది. అక్కడ ఏమీ దొరకదు కదా, చూసి వెళ్లిపోతారు, ఈలోగా మా పెట్టె తీసేయొచ్చు అనుకున్నాను. ఇంత తెలివిగా ఆలోచించినవాణ్ణి ఒక అంకె లెక్కపెట్టలేకపోయాను.

సెక్యూరిటీ వాళ్లు వచ్చి స్టోరంతా తిరగేశారు. తగిలించి ఉన్న పెట్టె ఏదీ దొరకలేదు. దొరక్కపోయేసరికి, ముందే తీసి దాచాడన్నారు. స్టోరు నిండా ఉండేవి వైఫై పెట్టెలే కదా. వాటిలో సీలు విప్పిన అట్టపెట్టె ఒకటి కనిపించింది. ఎవరో పనికిరాదని తిరిగిచ్చినది. అది చాలు వాళ్లకి. గంగాధర్ ఏదో చెప్పబోతే వినలేదు. మెడలో వేలాడుతున్న గేటు పాసు తీసేసుకున్నారు. నేను క్యాబిన్ కిటికీ లోంచి చూశాను. అతను మా క్యాబిన్ వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. బస్సెక్కించి పనివాళ్లుండే క్యాంపుకి పంపేశారు.

సలీం భాయ్ ఆ సాయంత్రం మా పెట్టె ఊడదీసి సంచిలో పెట్టుకుంటూ అన్నాడు. "గంగాధర్ గూడ మన లెక్కనే ఒకటి పెట్టుకున్నడేమో భాయ్. పాపం. మన నసీబ్ మంచిగుంది." నేను ఊఁ అన్నాను.

ఇక్కడి వరకూ దాన్ని పొరపాటు అనొచ్చు. ఎవరైనా నన్ను నిలదీస్తే నేనైతే అలాగే వాదిస్తాను. మర్నాడు చేసినదానికి మాత్రం ఆ పేరు పెట్టలేను.

మర్నాడు మేనేజరు, రిపోర్టుకి ఆధారంగా ఫైల్లోని అసలు వరుసని అతికించి పంపమన్నాడు. స్క్రిప్టు ఇచ్చిన జవాబు కాదు, అసలు వరుస. సరేనని ఫైలు తెరిచాను. ఆపేసిన అడ్రసుల కింద మా సైటు వరుస వెతికాను. కళ్లతో, వేలు పెట్టి, మిగతా అందరిలాగా. దొరికింది.

10.40.7.112.

ఆ ఆఖరి 2ని ఎంతసేపు చూశానో. ఏమైందో అర్థం కావడానికి నాకు అసలు ఆలస్యం కాలేదు. నా నమూనా తెరిచాను. ఒకటి లేదా రెండు అని నా చేత్తో రాసుకున్నది అలాగే ఉంది. రెండుని మూడు చేశాను. మళ్లీ నడిపాను. 112 అని బుద్ధిగా ఇచ్చింది. ఒక్క అంకె మార్పు. స్క్రిప్టులో ఏది మార్చినా ఎందుకు మార్చామో ఒక ముక్క రాయాలని మా రూలు. "చిన్న సవరణ" అని రాశాను.

అప్పుడు లేచి మేనేజరు దగ్గరికి వెళ్లాలి. నాలుగడుగుల దూరం. తప్పు నాది, పెట్టె మాది, ఆ మనిషిని వెనక్కి పిలవండి అని చెప్పాలి. ఏమయ్యేది? నా పాసు పోయేది. ఉద్యోగం పోయేది. నా భార్య వీసా పోయేది. టిక్కెట్టు కొనేసింది, సూట్‌కేసు సర్దుకుంది, చుట్టాలందరికీ చెప్పుకుంది. సలీం భాయ్ ఉద్యోగం కూడా పోయేది. చూశారా, సలీం భాయ్‌ని కూడా లెక్కలోకి తెచ్చుకున్నాను, నా పిరికితనానికి ఒక మంచి పేరు వస్తుందని.

అసలు వరుస అతికించలేదు. పాత స్క్రిప్టు ఇచ్చిన జవాబునే, ఫైల్లోంచి తీసినట్టు కనిపించేలా అతికించి పంపాను. ఎవరూ ఫైలు తెరిచి చూడలేదు. నాకు ముందే తెలుసు, చూడరని. నన్ను నమ్మడం వాళ్లకి అలవాటు చేసింది నేనే కదా.

శుక్రవారం గంగాధర్ ఫోన్ చేశాడు. నజ్మాకి వచ్చాను సార్, మీ ఇంటి కింద ఉన్నాను అన్నాడు. నేను చాలాసేపు మెట్ల మీద నిలబడి దిగాను. టీ హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొచ్చాడు. నా కోసం కరక్ చాయ్ ముందే చెప్పి ఉంచాడు. ఆ రోజు మాట్లాడినది ఒక్క మాట కూడా నేను మర్చిపోలేదు.

"సార్, మీ డబ్బ ముచ్చట నేనెవ్వలికి చెప్పలే" అన్నాడు కూర్చోగానే. "ఎంత అడిగినా చెప్పలే. చెప్ప గూడ. మీరు నన్ను మీ రూంల కూసుండవెట్టి నా బిడ్డతోని మాట్లాడిచ్చిండ్రు. గది మర్వను."

తన గ్లాసు పక్కకి జరిపాడు.

"కని నా స్టోర్ల ఏం లేకుండె సార్. మీకెర్కనే గద. ఊరికి టికెట్ తీస్తున్నరట. ఒక్క మాట మేనేజర్‌కు చెప్పుండ్రి. పని పోతే పోనియ్యిండ్రి, మల్ల ఎండల చేస్త. కని గీ పేరు పెట్టి పంపొద్దనుండ్రి. దుబాయ్ పోయి దొంగతనం చేసిండు, గందుకే ఎల్లగొట్టిండ్రు అంటరు ఊర్లె. నా బిడ్డ బడికెట్ల పోతది?"

"స్క్రిప్టు అదే చూపించింది గంగాధర్" అన్నాను. "నా చేతుల్లో ఏమీ లేదు."

అతనికి స్క్రిప్టంటే ఏమిటో తెలియదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"గా స్క్రిప్టు రాసినాయన ఎవలు సార్? ఏడుంటడో చెప్పుండ్రి. నేనే పోయి అడుగుత. కాళ్లు మొక్కుత."

నేను అతని ముందే కూర్చుని ఉన్నాను. మా మోకాళ్లు బల్ల కింద తగులుతున్నాయి.

"అది కంపెనీది" అన్నాను. "ఎవరు రాశారో తెలీదు."

అతను తలూపాడు. నమ్మాడు. చాయ్ చల్లారిపోతోంది తాగుండ్రి సార్ అన్నాడు. నేను తాగాను. దానికి డబ్బులు కూడా అతనే ఇచ్చాడు.

తర్వాత అతన్ని పంపేశారు. నా భార్య వచ్చింది. స్టేడియం పూర్తయింది. మేనేజరు నన్ను మెచ్చుకుంటూ ఒక మెయిలు పెట్టాడు. దాన్ని ఒకసారి తీసేశాను, మళ్లీ చెత్తబుట్టలోంచి తీసి దాచుకున్నాను. ఎందుకు దాచుకున్నానో అడక్కండి, నాకే తెలీదు.

కప్పు మొదలయ్యాక మాకు ఒక మ్యాచ్‌కి టిక్కెట్లు దొరికాయి. అదే స్టేడియం. నా భార్య చేయి పట్టుకుని మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టగానే ఆ గడ్డి కనిపించింది. లైట్ల కింద, కళ్లు చెదిరేంత పచ్చగా. నా భార్య ఫొటో తీయమంది. తీశాను. అప్పుడే ఫోను మోగింది. గంగాధర్ మెసేజి. "సార్ టీవీల చూస్తున్నం. మా బిడ్డ గడ్డి చూసింది. మన స్టేడియం."

మన స్టేడియమట. నాకు అక్కడికక్కడే ఫోను కింద పడేసి వెళ్లిపోవాలనిపించింది. తిట్టొచ్చు కదా ఒక్కసారి? ఫోన్ చేసి, నీవల్లే అని అరవొచ్చు కదా? అరవడు. అతనికి తెలియదు కనుక అరవడు. చేతులు జోడించిన బొమ్మ పంపాను. చేతిలోనే ఉన్న గడ్డి ఫొటో పంపలేదు. దాని మర్నాటి నుంచే మొదలైంది ఈ పువ్వుల వ్యవహారం.

అతనిప్పుడు ఏం చేస్తున్నాడో నాకు సరిగా తెలియదు. ఏదో హార్డ్‌వేర్ దుకాణంలో ఉన్నానని ఒకసారి రాశాడు. ఊళ్లో ఏమన్నారు, కూతురు బడికి ఎలా వెళ్లింది, నడుం నొప్పి ఎలా ఉంది, ఏదీ అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం. ఎన్నోసార్లు అనుకున్నాను, నంబరు బ్లాక్ చేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని. వేలు అక్కడిదాకా వెళ్లేది. ఒకసారి ఒక మనిషి దారి ఆపేసి చూశాను కదా, చాలు అనిపించేది.

ఇప్పుడెందుకు చెబుతున్నాను? దోహా వదిలి తిరిగొచ్చాక నేను పనిచేస్తున్నది హైదరాబాదులో. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు ఒకడు తప్పు జాబితా ఇచ్చాడు. ఇదేంటయ్యా అంటే, భుజాలెగరేసి, "స్క్రిప్టు అదే చూపించింది అన్నా" అన్నాడు. నేను అరిచాను. ఫ్లోరంతా లేచి చూసేలా అరిచాను. స్క్రిప్టు ఎవడు రాశాడు, నువ్వు కాదా, ఆ అడ్రసు వెనక మనిషి ఉంటాడని తెలీదా అని ఊగిపోయాను. వాడు బిత్తరపోయాడు. చిన్న తప్పు అది, ఎవరికీ ఏమీ కాలేదు. బాత్రూంలోకి వెళ్లి మొహం కడుక్కుంటుంటే అద్దంలో నా మొహం చూసి నాకే అసహ్యం వేసింది. ఎవరి మీద అరిచాను నేను?

ఇంతవరకూ నిన్న మధ్యాహ్నం రాసి ఆపాను. చదువుకుంటే కోపం వచ్చింది. ముక్కూ మొహం తెలియని మీకు ఇంత వివరంగా చెప్పుకుంటున్నాను. మీరు అయ్యో అంటారు, నేను తేలికపడతాను, అతను రేపు పొద్దున మళ్లీ పువ్వు పంపుతాడు. ఇదేం ఒప్పుకోలు? ఇది కూడా నాలుగడుగుల దూరంలో ఉన్న మేనేజరు దగ్గరికి వెళ్లకుండా "చిన్న సవరణ" అని రాసుకోవడమే.

ఫోను తీసి గంగాధర్‌కి రాశాను. పెద్దగా రాయలేదు. ఆ రోజు పట్టుబడిన అడ్రసు నీ స్టోరుది కాదు, మా బల్ల కింద డబ్బాదే. స్క్రిప్టు రాసింది నేనే. తప్పని మర్నాడే తెలిసింది. టీ హోటల్లో నువ్వు అడిగినప్పుడు కూడా తెలుసు. తెలిసే చెప్పలేదు. నీ పేరు పోగొట్టింది నేను. ఊళ్లో ఎవరికి చూపించుకుంటావో చూపించుకో, నా పేరూ నంబరూ ఇందులోనే ఉన్నాయి. అంతే. క్షమించమని రాయబోయి చెరిపేశాను. అతని దగ్గర ఇంకొకటి అడిగే ముఖం నాకు లేదు.

పంపాను. రెండు టిక్కులు పడ్డాయి. కాసేపటికి నీలంగా మారాయి. పైన "టైపింగ్" అని కనిపించింది. ఆగిపోయింది. మళ్లీ కనిపించింది. మళ్లీ ఆగిపోయింది. ఏమీ రాలేదు.

ఈ పొద్దున లేవగానే ఫోను చూశాను. ఆఫీసు మెయిళ్లు ఉన్నాయి, కరెంటు బిల్లు ఉంది, బ్యాంకు వాళ్ల లోను ఆఫరు ఉంది. పువ్వు లేదు. చామంతి లేదు, సూర్యుడు లేడు. నిన్నటి నా మెసేజి కింద ఖాళీ. తర్వాత ఫోను పక్కన పెట్టి టీ పెట్టుకున్నాను. ఇన్నేళ్లలో ఆ పువ్వుకి చేతులు జోడించి అబద్ధం చెప్పకుండా మొదలైన పొద్దు ఇదొక్కటే.